మాత్రల చాప మీద చోటు

నాకు ముక్కు మీదే కోపం. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. రాచర్ల అవతల మా పల్లెలో, గుడికి ఎదురుగా రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. మా గుడి అంటే సిలువ గుర్తున్న చర్చి, మేమంతా గుడి అనే అంటాం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఉన్న కాస్త చేను కౌలుకిచ్చాను. "ఒక్కదానివే ఎట్లుంటావమ్మా పాపం" అని ఎవరైనా జాలి పడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎలా ఉంటాను? పొద్దున లేస్తాను, వండుకుంటాను, తింటాను, పడుకుంటాను. ఇంకెలా ఉండాలట?

కానీ నెలకొక ఆదివారం మాత్రం ఈ ధైర్యమంతా ఎటో పోయేది. నెల మొదట్లో వచ్చే ఆదివారం అది. ఆ రోజు ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన రోజులున్నాయి. అది ఎందుకో చెప్పాలంటే ముందు బియ్యం సంగతి చెప్పాలి.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. తిండికి ఎంత కటకటగా ఉన్నా ఆ పిడికెడు తియ్యాల్సిందే. ఆదివారం ఆ బియ్యం గుడికి తెచ్చి పోస్తే, ఆరాధన తర్వాత వేలం వేస్తారు. మా అత్త కాలంలో ఆ సొమ్ము అయ్యగారి జీతానికి పోయేది. అయ్యగారంటే పాస్టరు. కొన్నేళ్ళ కిందట వచ్చిన ఇప్పటి అయ్యగారూ, ఉద్యోగం అయిపోయి సొంతూరికి వచ్చేసిన ఒక నర్సమ్మా, సంఘ పెద్దా కూర్చొని కొత్త ఆలోచన చేశారు. అరవై దాటిన వాళ్ళందరికీ ఆ బియ్యం సొమ్ముతో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కొనిద్దామని.

దానికొక షరతు పెట్టారు. మొదలుపెట్టిన రోజు చేరిన వాళ్ళకు వెంటనే మాత్రలిస్తారు. నాకక్కర్లేదు అని తర్వాత ఎప్పుడో వచ్చి చేరితే, ఏడాది పాటు బియ్యం తేవాలి, మాత్రలిచ్చే చోట అందరితో పాటు చాప మీద కూర్చోకూడదు, మాత్రలు రావు. ఇదేం అన్యాయం అని అనుకోవద్దు. అంతకు ముందు ఒకసారి ఇలాంటిదే పెడితే, రోగం తగిలిన రోజు చేరి, తగ్గిన మర్నాడు మానేసిన మహానుభావుల వల్ల సంఘం సొమ్ము అడుగంటిపోయింది. అందుకే ఈసారి గట్టిగా కట్టడి చేశారు.

మాత్రలు మా ఊళ్ళో దొరకనివేం కాదు. సర్కారు వాళ్ళు కూడా ఇస్తారు. గిద్దలూరు పోతే మందుల షాపులకు కొదవ లేదు. కానీ ఈ మాత్రల పద్ధతి వేరు. పరగడుపున మింగకూడదని నర్సమ్మ చెప్పడంతో, ఆ ఆదివారం గుడి వెనక చిత్రాన్నం వండేవాళ్ళు. వరండాలో పొడుగాటి ఈతచాప పరిచేవాళ్ళు. ముసలివాళ్ళంతా వరసగా కూర్చుంటే నర్సమ్మ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని బీపీ చూసేది. తర్వాత అన్నం. తర్వాత చిన్న ప్రార్థన. ఆ తర్వాత అందరూ ఒకేసారి ఆ పూట మాత్ర మింగేవాళ్ళు, మిగతావి కొంగున కట్టుకునేవాళ్ళు. మా ఫ్లోరైడు నీళ్ళ మహిమకు అందరికీ మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి కదా, ఒకసారి కూర్చుంటే లేవలేరు. లేవలేక అక్కడే సాయంత్రం దాకా కబుర్లు. కోడళ్ళ మీద చాడీలు, పాత పెళ్ళిళ్ళ ముచ్చట్లు, ఎవరి నొప్పి పెద్దదని పోటీ. ఊళ్ళో పిల్లకాయలు దానికి మాత్రల చాప అని పేరు పెట్టారు.

మా ఊళ్ళో అరవై దాటి ఆ చాప మీద చోటు లేనివాళ్ళం ఇద్దరమే. ఒకరు గొర్రెలు కాసే ముసలాయన. మేత కోసం అర్ధవీడు అడవి వైపు వెళ్ళి ఉండి, చేరాల్సిన రోజున ఊళ్ళో లేడు. రెండోదాన్ని నేను. నేను ఊళ్ళోనే ఉన్నాను. ముందు వరసలోనే కూర్చున్నాను.

జరిగిందేమిటంటే, దానికి కొంతకాలం ముందు నాకు షుగరు బయటపడింది. భయపడిపోయాను. ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టాను. తీపి మానేశాను, అన్నం తగ్గించాను, పొద్దున్నే చేను దాకా నడిచి వచ్చేదాన్ని. కొన్ని నెలలకు పరీక్ష చేయిస్తే షుగరు లేదన్నారు. ఆ సంతోషం పట్టలేక ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను, దేవుడు నన్ను స్వస్థపరిచాడని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? అయ్యగారు నన్ను చుట్టుపక్కల సభలకు తీసుకుపోయి మైకు చేతికిచ్చారు. ఆ ఊరి వాళ్ళు ఈ ఊరికి, ఈ ఊరి వాళ్ళు ఆ ఊరికి చెప్పుకున్నారు. నా పేరు పోయి సాక్ష్యపమ్మ అయ్యాను. జ్వరమొచ్చిన పిల్లలను నా గడప దగ్గరికి తెచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమనేవాళ్ళు. పిల్లలు లేని ఇంట్లో పిల్లల ఏడుపులు వినిపించేవి. అది నాకు బాగుండేది. ఎందుకు దాచాలి, చాలా బాగుండేది.

అలాంటి రోజుల్లో మందుల సంఘం పెట్టారు. పేర్లు చెప్పమన్నప్పుడు మా వదిన వెనక నుంచి, "మా మరదలి పేరు కూడా వెయ్యండి" అని అరిచింది. అయ్యగారు నవ్వి, "అమ్మకెందుకు మాత్రలు? అమ్మ సాక్ష్యం మనందరికీ మందు కదా!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "నాకక్కర్లేదులే అయ్యగారూ" అన్నాను. అందరి ముందూ అన్నాను.

మా వదిన గురించి చెప్పాలి. ఆయనకు అక్క. మొగుడు పోయాక పుట్టింటి ఊరికే వచ్చేసి, మా వెనక వీధిలో ఉండేది. కూతురు, అల్లుడు కూలి పనులకు బెంగుళూరు పోయి అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి నన్ను తిట్టని రోజు లేదు, నాకు తలనొప్పి వస్తే తాను పడుకున్న రోజూ లేదు. ఈ వయసులో కూడా నన్ను "పిల్లా" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆ రోజు గుడి నుంచి వస్తూ, "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అక్కర్లేదంట! మహా గొప్ప చెప్పినావు లే. నా పక్కన కూసునేదానికి నీకేం రోగమే?" అంది.

"రోగం లేదు కాబట్టే కదా వదినా కూసోనిది" అన్నాను.

"నోరు బాగుండాది" అని మూతి తిప్పుకుని పోయింది.

అప్పటి నుంచి నెలనెలా అదే వరస. ఆరాధన అయిపోగానే ఊరి ముసలివాళ్ళంతా వరండా వైపు మళ్ళేవాళ్ళు, నేను గేటు వైపు నడిచేదాన్ని. మా ఇంటికీ గుడికీ మధ్య ఒక్క వీధి. ఇంట్లో కూర్చుంటే ఇంగువ పోపు వాసనతో పాటు వాళ్ళ నవ్వులు వినిపించేవి. అందరి నవ్వుల్లో మా వదిన నవ్వు వేరుగా తెలిసేది. రోగమున్న వాళ్ళంతా కలిసి పండగ చేసుకుంటుంటే, ఆరోగ్యవంతురాలినైన నేను మజ్జిగన్నం కలుపుకుని గోడ చూస్తూ తినేదాన్ని. మాత్రల మీద నాకు ఆశ లేదు. ఆ చాప మీద మా వదిన పక్కన కాసేపు కూర్చోవాలని, నాకూ ఏదో ఒక నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పుకోవాలని ఉండేది. సాక్ష్యపమ్మకు నొప్పులుండకూడదు కదా.

తర్వాత ఒక ఎండాకాలం దప్పిక మొదలైంది. కడవ నీళ్ళు తాగినా నాలుక ఎండిపోయేది. చెప్పు కరిచి మడమ మీద చిన్న పుండు పడితే మానడం లేదు. దొడ్లో నేను కూర్చుని లేచిన చోట చీమలు పట్టడం చూశాక ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. చీర కొనుక్కోవాలని అబద్ధం చెప్పి ఆటో ఎక్కి గిద్దలూరు పోయాను. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది, "ఇది పోయే జబ్బు కాదమ్మా, అణిగి ఉంటుంది. మీరు జాగ్రత్తగా ఉన్నన్నాళ్ళు అణిగింది, అంతే" అని. మాత్రలు రాసిచ్చింది, పుండును జాగ్రత్తగా చూసుకోమంది. మాత్రలు కొనుక్కొచ్చి ఆవాల డబ్బాలో దాచాను. ఇంట్లో ఉన్నదే నేనొక్కదాన్ని, ఎవరికి దాచానో నాకే తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. గడప దగ్గరికి పిల్లలను తెస్తుంటే చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. దేవుడు నా ప్రార్థన వినడని కాదు, వింటాడు. కానీ ఆమేన్ అనీ అనకముందే చెయ్యి తీసేసేదాన్ని. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. మనుషుల మధ్య కూర్చొని ఒంటరిగా ఉండటం ఆ నెలల్లోనే తెలిసింది.

మా వదిన ఒకరోజు జొన్నరొట్టె తెచ్చి, నేను కుంటుతూ లేవడం చూసింది. ఏమీ అడగకుండా నా కాలు లాగి ఒళ్ళో పెట్టుకుంది. కట్టిన గుడ్డ విప్పింది. పుండు వాసన చూసి, తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"చెప్పాలని తోచలేదా?"

"ఎట్ల చెప్పేది వదినా? ఊరూరా మైకులో చెప్పి వచ్చిందాన్ని."

"దేవుడు మాత్రలు చెయ్యలేదా ఏంది? మాత్ర మింగితే ఆయన అలుగుతాడా?" అని గుడ్డ గట్టిగా బిగించి కట్టింది. నొప్పికి నేను అరిస్తే, "అరువు, బాగా అరువు. రేపు కాలు తీసేస్తే నిన్ను నేను మొయ్యాల్నా? ఆదివారం లేచి చెప్పు. చెప్పి నా పక్కన కూసో" అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడుస్తోందని అప్పుడే నాకు తెలిసింది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. నేను లేస్తే అందరికీ ముచ్చట, ముందుగానే "స్తోత్రం" అన్నారు. "షుగరు మళ్ళా వచ్చింది. మాత్రలు మింగుతున్నాను. మందుల సంఘంలో నా పేరు వెయ్యండి" అన్నాను. ఎవరో చంటిబిడ్డను ఒళ్ళోంచి భుజం మీదికి మార్చుకున్నారు.

అయ్యగారు మంచివాడు. ముఖం చిన్నబోయినా తమాయించుకుని, "అమ్మ సంగతి వేరు. ఏడాది అక్కర్లేదు, ఈ నెల నుంచే కూర్చోనిద్దాం" అన్నారు. సంఘ పెద్ద తల గోక్కుంటూ వెనక్కి చూశాడు. వెనక గొర్రెల ముసలాయన ఉన్నాడు. అతను తర్వాత చేరి, ఏడాది పొడుగునా బియ్యం తెచ్చి పోసి, ఎండలో గేటు బయట నిలబడి, ఆ తర్వాతే చాప ఎక్కాడు. అతని ముఖం చూసేసరికి నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చింది. "వద్దయ్యగారూ. నాకు వేరే సంగతి లేదు. అందరి కట్టడే నాకూ. ఏడాది తీరినాకే కూసుంటా" అనేసి కూర్చున్నాను. మా వదిన అక్కడి నుంచే చేత్తో నొసలు కొట్టుకుంది.

ఆ ఏడాది సంగతి ఎక్కువ చెప్పను. ఆదివారం ఆదివారం బియ్యం తెచ్చి పోశాను. గడప దగ్గరికి పిల్లలు రావడం మానేశారు. ఎవరూ మాట అనలేదు, దారిలో ఎదురైతే "బాగుండావా అమ్మా" అనేవాళ్ళు, అంతే. మాత్రలు గిద్దలూరు నుంచి నేనే తెచ్చుకున్నాను. పుండు మెల్లగా మానింది. ఇల్లు మాత్రం నిశ్శబ్దమైపోయింది. అంతకు ముందు నేను ఒంటరిదాన్నని నాకు తెలుసు, ఊరికి తెలియదు. ఇప్పుడు ఊరికి కూడా తెలిసింది.

మాత్రల ఆదివారం వచ్చిందంటే నేను గేటు దాటే లోపల మా వదిన చాప మీది నుంచి కేక వేసేది. "ఏమే పిల్లా! వచ్చి కూసోవే, ఎవరేమంటారు!" తన పక్కన చాపను అరచేత్తో తట్టేది. నర్సమ్మ కూడా, "రండమ్మా, కూర్చుంటే ఏం పోయింది, మాత్రలు ఇవ్వం కానీ అన్నం పెడతాం కదా" అనేది. నేను, "నా ఏడాది కానీండి" అని వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి వదిన చిత్రాన్నం ఆకులో చుట్టుకుని మోకాళ్ళు ఈడ్చుకుంటూ మా ఇంటికే వచ్చింది.

"నీ రోషం పొయ్యిలో పెట్ట. ఎవరిని సాధిస్తాండావే ఇట్ల?"

"ఎవర్నీ లేదు వదినా. ఆ ముసలాయన నిలబడలేదా ఎండలో?"

"ఆయన్ని ఎవురూ పిలవలేదు గదే. నిన్ను పిలుస్తా ఉండా."

ఆ మాట నిజమే. అయినా నేను తగ్గలేదు. కోపం ఉన్నవాళ్ళకు తగ్గడం ఎక్కడ చేతనవుతుంది? ఇంకెంత, నాలుగు నెలలు గడిస్తే చాలు, తలెత్తుకుని పోయి నా హక్కుగా ఆమె పక్కన కూర్చుంటాను అనుకున్నాను. రాత్రులు పడుకుని ఆ రోజు ఏం మాట్లాడాలో కూడా తలుచుకునేదాన్ని.

కందులు కొట్టే కాలంలో ఒక తెల్లవారుజామున మా వదిన దొడ్లో పడిపోయింది. పక్కింటి వాళ్ళు నన్ను కేకేశారు. నేను పోయేసరికి నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. ఆటోలో నా ఒళ్ళోనే తల పెట్టుకుని గిద్దలూరు తీసుకుపోతున్నాం. నన్ను గుర్తుపట్టింది. ఏదో అనబోయింది, మాట రాలేదు. గిద్దలూరు చేరకముందే పోయింది. ఒక్క పూట మాత్ర తప్పని మనిషి. నర్సమ్మ కూడా, "ఈమె లెక్క సరిగ్గా మింగినోళ్ళు లేరమ్మా" అని ఏడ్చింది. మందు మింగితే బతుకుతారని, ప్రార్థన చేస్తే బతుకుతారని అనుకుంటాం. ఎవరిష్టం? మట్టి చేసి వచ్చాక ఆ రాత్రి దేవుడితో పోట్లాడాను. గొంతు పోయేదాకా పోట్లాడాను.

నా ఏడాది తీరింది. ఆ ఆదివారం పోకూడదనుకున్నాను. నర్సమ్మ ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. చాప పరిచి ఉంది. నేను ఒక కొసన కూర్చోబోతే, "అక్కడ కాదమ్మా, ఇక్కడ" అని ముసలివాళ్ళు అటూ ఇటూ జరిగారు. మా వదిన కూర్చునే చోటులో నన్ను కూర్చోబెట్టారు. బీపీ చూశారు. పళ్ళెంలో చిత్రాన్నం పెట్టారు.

సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారే వద్దన్నా వినకుండా, కట్టడి కట్టడే అని ఈ తల్లి ఏడాది ఓర్చింది. మనందరికీ ఇదొక మాదిరి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారు నా వైపు తిరిగి ఎంతో ప్రేమగా, "అమ్మా, చాలా రోజులైంది మీ నోట విని. ఒక్క మాట, చిన్న సాక్ష్యం చెప్పండి" అన్నారు.

లేచి నిలబడ్డాను. మోకాళ్ళు పట్టేసి లేవడానికి కాసేపు పట్టింది. అందరూ నా ముఖం వంకే చూస్తున్నారు.

"మా వదిన నన్ను పిలిచింది" అన్నాను. "నెలనెలా పిలిచింది. నేను రాలేదు."

వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. నేను కూర్చొని అన్నం తిన్నాను. ప్రార్థన అయ్యాక అందరితో పాటు మాత్ర మింగాను.